పదో తరగతి తర్వాత: అగ్నివీరా, ఐటీఐనా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగు ఇళ్లలో ఏటా వినే ప్రశ్నే: సైన్యంలో నాలుగేళ్ల అగ్నివీర్ ఉద్యోగమా, చేతిపని నేర్పే ఐటీఐనా?

జీతం: అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 30 శాతం చివర్లో ఇచ్చే సేవానిధికి పోగా చేతికొచ్చేది 21,000. నాలుగేళ్లకు సేవానిధి సుమారు 11.71 లక్షలు, పెన్షన్ లేదు. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లు రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఇంటి ఖర్చే.

శ్రమ: అగ్నివీర్‌కు 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ (కమ్మీ పట్టుకుని పైకి లేవడం), దానికి ముందు ఆన్‌లైన్ పరీక్ష. ఈ పరీక్షను ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు, ఒడియా బడిలో చదివినవాళ్లకు ఒడియా ఉంది. ఐటీఐలో వర్క్‌షాపు, ఫైలింగు (ఆకురాయితో ఇనుము అరగదీయడం), వెల్డింగు పొగ.

రిస్కు: అసలు చూడాల్సింది ఇదే. నాలుగేళ్లయ్యాక అగ్నివీర్లలో 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగతావాళ్లు చేతిలో డబ్బుతో, పని నేర్చుకోకుండా తిరిగొస్తే మళ్లీ మొదటికే. ఐటీఐ సర్టిఫికెట్ విశాఖలోనైనా చెల్లుతుంది, కానీ అప్రెంటిస్‌షిప్ లేకపోతే మొదటి ఉద్యోగం కష్టం. నివాస పత్రం మాత్రం రెండింటికీ ముందే తీసి పెట్టుకోండి.

పరుగులో దమ్ముండి, ఇంట్లో వెంటనే డబ్బు కావాలంటే అగ్నివీర్. వయసింకా చిన్నదైతే ముందు ఐటీఐ: తర్వాత అగ్నివీర్ టెక్నికల్ విభాగానికి వెళ్తే అదనపు మార్కులూ వస్తాయి.