థార్‌కి పెద్ద టైర్లా? డబ్బు కట్టేముందు స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూడండి

మహీంద్రా థార్ ఏఎక్స్ మోడల్‌కి కంపెనీ ఇచ్చే టైరు సైజు 245/75 ఆర్16. హైదరాబాద్‌లో ఓ యాక్సెసరీస్ షాపువాళ్లు అవి తీసేసి నా బండికి 285/75 ఆర్16 ఆల్ టెరైన్ (రోడ్డుకీ, మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేశారు. పేరు రాయను గానీ, ఇలాంటి షాపులు చాలా ఉన్నాయి, అందుకే ఈ పోస్టు. "లిఫ్ట్ అక్కర్లేదన్నా, కళ్లు మూసుకుని వేయించుకోండి" అన్నారు. లిఫ్ట్ అంటే సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచడం. షాపు ముందు తిన్నగా ఓ రౌండు తిప్పి చూపించారు. తిన్నగా పోతే ఏ టైరైనా పోతుంది!

యూటర్న్ కొట్టగానే గర్‌మని శబ్దం. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు అంచు చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని గీరుతోంది. స్పీడ్ బ్రేకర్ మీద సస్పెన్షన్ అణిగితే ఇంకా గట్టిగా. వంగి చూస్తే లైనర్ మీద అరచేయంత మేర గీతలు, టైరు అంచు గడులకి అప్పుడే పొట్టు లేచింది.

తిరిగి తీసుకెళ్తే "ఎక్కించిన టైరు వాపస్ లేదు" అన్నారు. ఆ వెంటనే "రెండంగుళాల లిఫ్ట్ వేద్దాం, స్పేసర్లు పెడదాం" అని కొత్త కొటేషన్ తీశారు. అసలు బేరం ఇదన్నమాట, టైరు ఎర మాత్రమే. స్పేసర్ అంటే చక్రానికీ, అది బిగించే హబ్‌కీ మధ్య పెట్టే మందపాటి ముక్క. అది వేస్తే చక్రం బయటికి జరుగుతుంది. లోపల తగలడం తగ్గొచ్చు, కానీ తిప్పేటప్పుడు టైరు బంపర్ మూలకి తగిలే అవకాశం పెరుగుతుంది. బేరింగుల మీద భారం సరేసరి.

లెక్క మనమే వేసుకోవచ్చు. 245 అంటే మి.మీ.లో టైరు వెడల్పు, అందులో 75 శాతం టైరు పక్కగోడ ఎత్తు. దానికి రెట్టింపు, దానికి 16 అంగుళాల (406 మి.మీ.) రిమ్ కలిపితే టైరు ఎత్తు 774 మి.మీ. అదే 285/75 అయితే 834. అరవై మి.మీ. పెరిగినా గ్రౌండ్ క్లియరెన్స్‌కి కలిసొచ్చేది సగమే, ముప్పై. దాని కోసం పికప్ మందగిస్తుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి దాదాపు 86లో పోతుంటుంది. ఓడోమీటర్ కూడా తక్కువే తిరుగుతుంది కాబట్టి మైలేజీ ఉన్నదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది, అది చూసి టెన్షన్ పడకండి. ఇంకోటి, 285/75కి కనీసం ఏడున్నర అంగుళాల వెడల్పు రిమ్ కావాలి. రిమ్ మీద 7జె (అంటే ఏడంగుళాల వెడల్పు) అని ఉంటే ఆ సైజు ఊసే ఎత్తొద్దు. నన్నడిగితే లిఫ్ట్ లేకుండా 265/75 దాటొద్దు. అదీ తిప్పి చూసుకున్నాకే.

తయారీ తేదీ దగ్గరా ఆటే. టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. చాలా టైర్లకి ఈ అంకెలు ఒక పక్కే ఉంటాయి, ఆ పక్క లోపలికి పెట్టి బిగిస్తే మనకి కనపడవు. నేను కింద పడుకుని ఫోన్ లైటు వేసి చదివితే రెండు టైర్లు మిగతా రెండింటికన్నా మూడేళ్లు పాతవి. 2020 జూన్‌లో టైర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది, కాబట్టి "ఇంపోర్టెడ్ సరుకన్నా" అంటే పాత స్టాక్ కావొచ్చు, అనగానే తేదీ అడగండి. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో కూడా రిమ్‌కి ఎక్కించకముందే చూడండి.

"నాలుగు చాలు, స్టెప్నీ పాతదే ఉంచండి" అంటే ఒప్పుకోకండి. పంక్చరై 774 టైరు ఒక పక్క, 834 టైరు ఇంకో పక్క వేసి నడిపితే డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) నలిగిపోతుంది. ఆ స్థితిలో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే మోడ్) అసలు వేయకూడదు. అయిదోది కొనాలంటే వెనక తలుపు మీద ఆ బరువు, సైజు పడతాయో లేదో ముందే చూసుకోవాలి.

బిల్లు వద్దంటే తగ్గిస్తామంటారు. వద్దు. జీఎస్టీ బిల్లు మీద సైజు, తేదీ అంకెలు, "ఫుల్ లాక్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పినా) తగలదు" అన్న మాట రాయించుకోండి. బిల్లు ఉంటేనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవడానికి చేతిలో ఏదైనా ఉంటుంది. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

పాత టైర్లు మాత్రం ఆ రోజే ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. నావి సాయంత్రానికే ఎవరికో అమ్మేశారు, ఇప్పుడు వెనక్కి మార్చుకుందామన్నా కొత్తవి కొనాల్సిందే.