మూడు కరెన్సీల మధ్య వైజ్ ఖాతా: వాలెన్సియా నుంచి నా అనుభవం

2018లో లెస్టర్ నుంచి స్పెయిన్‌లోని వాలెన్సియాకు మారాను. నాది బ్రిటిష్ పాస్‌పోర్టు. లెస్టర్ ఇంటి అద్దె పౌండ్లలో వస్తుంది, ఇక్కడి ఖర్చంతా యూరోల్లో, రాజమండ్రిలో ఉన్న అమ్మకు నెలనెలా రూపాయలు పంపాలి. ఆ ఏడాదే, వేర్వేరు కరెన్సీల్లో డబ్బు ఉంచుకుని ఆన్‌లైన్‌లో దేశాల మధ్య పంపుకునే ఈ వైజ్ ఖాతా తెరిచాను. అప్పుడు ట్రాన్స్‌ఫర్‌వైజ్ అనేవాళ్లు, 2021లో పేరు వైజ్ అయింది.

దీని విలువ నాకు తెలిసొచ్చింది 2020లో. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావడం, దాని పరివర్తన గడువు డిసెంబరు 31తో ముగుస్తుందనగా, ఏళ్లపాటు నా జీతం పడిన బ్రిటన్ బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. యూరప్‌లో ఉంటున్నవాళ్ల ఖాతాలు మూసేస్తున్నాం, రెండు నెలల్లో డబ్బు తీసేసుకోండి అని. ఆ వారం నాకు సరిగా నిద్ర పట్టలేదు. అద్దె పడేది ఆ ఖాతాలోనే, ఇంటి బీమా కట్టేదీ అందులోంచే. వైజ్‌లో బ్రిటన్ సార్ట్ కోడ్ (అక్కడి బ్యాంకులను గుర్తించే నంబరు), ఖాతా నంబరు ఇచ్చారు కాబట్టి ఒక్కొక్కటే అటు మార్చుకున్నాను. అద్దె ఏజెంటుకైతే ఒక్క మెయిల్‌తో సరిపోయింది.

మార్పిడి రేటు గూగుల్‌లో కనిపించేదే. ఫీజు వేరుగా, డబ్బు పంపకముందే చూపిస్తారు. అంతకుముందు బ్యాంకు ద్వారా పంపినప్పుడు ఫీజు తక్కువే అనేవాళ్లు, రేటులో మాత్రం కోత పడేది. ఇప్పుడు పొద్దున కాఫీ తాగుతూ పంపితే, చాలాసార్లు మధ్యాహ్నం భోజనానికి కూర్చునేలోపే అమ్మ ఫోన్ చేసి "పడ్డాయమ్మా" అంటుంది. రేటు పెరుగుతుందేమోనని ఎదురుచూడటం మానేశాను. 2022 సెప్టెంబరులో పౌండు ఒక్కసారిగా పడిపోయినప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. అప్పటినుంచి ప్రతి నెలా ఒకే తేదీన మారుస్తున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. యూరో ఖాతా నంబరు బెల్జియంది, బీఈతో మొదలవుతుంది. ఇక్కడి కరెంటు కంపెనీ స్పెయిన్ నంబరే కావాలని పట్టుబట్టింది. ఏ ఈయూ దేశపు యూరో ఖాతా అయినా ఒప్పుకోవాలని 2012 నాటి ఈయూ నిబంధనే ఉందని చెప్పినా వినలేదు. చివరికి బిల్లుల కోసం స్పెయిన్ బ్యాంకులో ఇంకో ఖాతా తెరిచాను. పెద్ద మొత్తం కూడా వైజ్‌లో ఉంచను. యూరప్‌లోని బ్యాంకుల్లో 1,00,000 యూరోల దాకా డిపాజిట్‌కు హామీ ఉంటుంది. వైజ్‌లో మన డబ్బును విడిగా భద్రపరుస్తారు కానీ ఆ హామీ లేదు. నాకిది కాలువ, గాదె కాదు.

అసలు కష్టం పన్నులది. అందులో ఏ యాప్ సాయమైనా కొంతవరకే. స్పెయిన్‌లో పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబరు, బ్రిటన్‌లో ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5. ఒకే అద్దెను రెండు రకాలుగా విడదీసి చూపాలి. కావలసిన తేదీల మధ్య స్టేట్‌మెంట్ తీసుకునే వీలు ఉండటం నాకు నిజంగా పెద్ద సాయం. విదేశీ ఖాతాల్లో మొత్తం 50,000 యూరోలు దాటితే మార్చి 31లోగా స్పెయిన్ పన్నుల శాఖకు మోడెలో 720 అనే వివరాల పత్రం ఇవ్వాలి. ఆ లెక్కలో నేను వైజ్‌నీ కలుపుతాను. బ్రిటన్‌లో పన్ను లేని ఐఎస్ఏ అనే పొదుపు ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను ఉంటుందని నాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు. ఇక్కడికి మారేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోండి.

పెన్షన్ సంగతి ఇంకొకటి. పూర్తి బ్రిటిష్ స్టేట్ పెన్షన్ రావాలంటే సాధారణంగా 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి ప్రభుత్వ సామాజిక బీమా చందా) లెక్క ఉండాలి. తక్కువ పడే ఏళ్లకు నేనే స్వచ్ఛందంగా కడుతున్నాను. స్పెయిన్‌లో ఉంటే ఆ పెన్షన్ ఏటా పెరుగుతుంది. ఇండియాకు వెళ్లి స్థిరపడితే పెరగదు, ఉన్న మొత్తం దగ్గరే ఆగిపోతుంది. రాజమండ్రి వెళ్లి అమ్మ దగ్గరే ఉండిపోదామని అనిపించినప్పుడల్లా ముందు ఈ లెక్కే వేసుకుంటున్నాను.