వరంగల్ ఇంట్ల రీఫ్ ట్యాంక్: చిన్నదా పెద్దదా, బోరా ఆర్ఓనా, ఫ్యానా చిల్లర్ మిషనా, ఏది మేలు?

ఈ మధ్య హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్, పెట్టేటోళ్లు పెరిగిన్రు. ఫోన్ల వీడియో చూస్తుంటే పగడాలు రంగురంగులుగ ఊగుతుంటయి, ఎవరికైనా మనసైతది. కానీ ఆ వీడియోలు చేసేటోళ్లు చాలామంది చల్లటి దేశాలల్ల ఉంటరు, వాళ్ల బాధ నీళ్లు వేడి చేసుడు, మన బాధ నీళ్లు చల్లగ ఉంచుడు, వాళ్ల సెటప్ చూసి అట్లనే దించితే మన దగ్గర మే నెల దాటదు. నేను చూసినకాడికి ఇక్కడ ట్యాంకులు పోయేది ఎక్కువ మూడింటి వల్లనే: నీళ్లు, ఎండ, కరెంటు. అందరు ముందు ఏ లైటు కొనాలె, ఏ పగడం కొనాలె అని అడుగుతరు, నేనైతే పైసలు ముందు ఈ మూడింటి మీద పెట్టుమంట.

మొదలు సైజు సంగతి. 40 లీటర్ల చిన్న ట్యాంక్ చౌకగ వస్తది, టేబుల్ మీద పడ్తది, వారానికి 4 లీటర్ల నీళ్లు మారిస్తే సరిపోతది, అందుకే కొత్తగ మొదలుపెట్టేటోళ్లు దాన్నే కొంటరు. 3 అడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నదైతే దగ్గరదగ్గర 190 లీటర్లు పడ్తది, వారానికి 19 లీటర్లు మార్చాలె, దానికి ప్రతిసారి 700 గ్రాముల దాకా సముద్రపు ఉప్పు కావాలె. ఖర్చు ఎక్కువే. అయినా నేను 190 లీటర్లదే మేలు అంట. ఎందుకంటే నీళ్లు ఆవిరైతే ఉప్పు పోదు, లోపలనే ఉంటది, సముద్రం లెక్క 35 పీపీటీ (వెయ్యి పాళ్లల్ల 35 పాళ్లు) ఉండాల్సిన ఉప్పు పెరుగుకుంట పోతది. ఎండాకాలం మీరు పెండ్లికి పోయి రెండు మూడు రోజులు చూసుకోలేదు అనుకోండి, 40 లీటర్లల్ల 4 లీటర్లు ఎగిరిపోతే ఉప్పు 39కి చేరుతది, పగడాలు ముడుచుకుంటయి, రొయ్యలు పోతయి. పెద్ద ట్యాంకుల ఆవిరి ఎక్కువే అయితది, నిజమే, కానీ 10 లీటర్లు పోయినా 37 దాటదు. ఒక నత్త రాయి వెనుక చచ్చి కుళ్లినా అంతే, చిన్నదాంట్ల అమోనియా ఒక్క రాత్రిల ఎక్కుతది, పెద్దదాంట్ల మీకు చూసుకునే టైం దొరుకుతది. చిన్నదే కావాలె అనుకునేటోళ్లు రోజూ పొద్దుగాల చూసుకునే ఓపిక ఉంటేనే పెట్టుండ్రి.

ఇంకో మాట ఇక్కడనే చెప్త, మస్తు మంది ఇక్కడనే బోల్తా పడ్తరు. ఆవిరైన నీళ్ల జాగల ఉప్పునీళ్లు పోస్తరు, సముద్రం ట్యాంక్ గదా అని. పోయింది ఉత్త నీళ్లే, పోయాల్సింది కూడ ఉత్త నీళ్లే, అది కూడ శుద్ధి చేసినయి. ఉప్పునీళ్లు నీళ్లు మార్చేటప్పుడు మాత్రమే.

ఇగ ఆ శుద్ధి నీళ్లు యాడికెల్లి తేవాలె? మన దగ్గర దొరికేటివి నాలుగు: బోరు, నల్లా, వాటర్ ప్లాంట్ క్యాన్, ఇంట్ల ఆర్ఓ. బోరు నీళ్లు మాట్లాడుకునుడే అవసరం లేదు, చాలాచోట్ల టీడీఎస్ (నీళ్లల్ల కరిగిన లవణాల లెక్క) 500 దాటుతది, గట్టితనం, నైట్రేట్, సిలికేట్ అన్ని కలిసి వస్తయి, పోసిన నెలకు ఇసుక మీద గోధుమరంగు బూజు, ఆ తర్వాత రాళ్లకు పచ్చటి నాచు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు కన్నా నయం, కానీ దాంట్ల క్లోరిన్ ఉంటది, తాగేటోళ్లకు అది అవసరమే, పగడాలకు మాత్రం విషం. క్యాన్ నీళ్లు శుద్ధమే గదా అంటరు, అవి తాగడానికి శుద్ధం, ప్లాంటోళ్లు రుచి కోసం టీడీఎస్ కొంత ఉంచుతరు. ఇంట్ల ఆర్ఓ మిషన్ కూడ అంతే, దాంట్ల టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి ఉంటది, అది ఆర్ఓ నీళ్లల్ల ఇంకొన్ని మామూలు నీళ్లు కలుపుతది, మినరల్ క్యాట్రిడ్జ్ ఉంటే మళ్ల ఖనిజాలు కలుపుతది. అందుకే ఇంట్ల మిషన్ నీళ్లు పట్టి టీడీఎస్ మీటర్ పెడితే 60, 80 చూపిస్తది.

నా ఓటు ఇంటి ఆర్ఓకే, కానీ మార్పు చేయించి. మెంబ్రేన్ దాటంగనే, ఆ కంట్రోలర్ కన్నా ముందు, T ఆకారం పైపు ముక్క ఒకటి పెట్టించి పైపు పక్కకు తీసి, దానికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను కూడ పట్టేసే గింజలు) నింపిన ఫిల్టర్ ఒకటి తగిలిస్తే మీటర్ల సున్నా వస్తది. మిషన్ రిపేరు చేసే పిలగాడు అరగంటల చేస్తడు. మీటర్ సున్నా నుంచి 2, 3 చూపించుడు మొదలైతే రెజిన్ అయిపోయినట్టే, మార్చుడే. పక్కకు పోయే వేస్టు నీళ్లు మంచి నీళ్ల కన్నా ఎక్కువే వస్తయి, పారబోయకుండ బకెట్ల పట్టి బండలు తుడుచుకోవచ్చు. కొంతమంది ఉప్పు ఖర్చెందుకు, బాపట్ల దిక్కు పోయినప్పుడు క్యాన్లల్ల సముద్రపు నీళ్లే తెచ్చుకుంటం అంటరు. ఒడ్డు నీళ్లల్ల మురుగు కలుస్తది, వానకాలం కృష్ణా గోదావరి నీళ్లు కలిసి ఉప్పు పల్చబడ్తది, ఏ రోజు నీళ్లు ఎట్లుంటయో తెల్వది. ఉప్పు ప్యాకెటే మేలు. ఉప్పు కొలిచేదాన్ల కూడ ముల్లు తిరిగే ప్లాస్టిక్ డబ్బా కన్నా రిఫ్రాక్టోమీటర్ (ఒక్క చుక్క వేసి కంటితోటి చూసేది) మేలు, డబ్బాల ముల్లుకు ఒక్క గాలిబుడగ పట్టుకుంటే లెక్క తప్పుతది. కాకపోతే రిఫ్రాక్టోమీటర్ను 35 పీపీటీ ద్రావణంతోటి సరిచేసుకోవాలె, కొన్నది కొన్నట్టు నమ్మొద్దు.

ఎండ సంగతికి వస్తే, ఇది కొంచెం వివరంగ చెప్పాలె.

రీఫ్ ట్యాంకుకు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలె. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తన లోపల బతికే నాచును బయటికి తోసేస్తది, ఆ నాచే దానికి రంగు, సగానికి పైన తిండి కూడ, అది పోతే తెల్లగైతది. 1998ల, 2010ల, 2016ల లక్షద్వీప్ పగడాలు తెల్లబడ్డది సముద్రం ఇట్ల వేడెక్కే. మన ఊర్ల మే నెలల 43, 44 మామూలే. షాపోళ్లు చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) లేనిదే కుదరదు అంటరు, పైసలు లేనోళ్లు చిన్న ఫ్యాన్ చాలు అంటరు, రెండూ సగం నిజమే.

నీళ్ల మీద ఫ్యాన్ గాలి తగిలితే ఆవిరి పెరిగి నీళ్లు చల్లబడ్తయి, మట్టికుండల నీళ్ల లెక్క. గాలి ఎంత పొడిగ ఉంటే అంత బాగ చల్లబడ్తయి. మన ఏప్రిల్, మే ఎండలు పొడి ఎండలు, అందుకే వాడుకున్నోళ్లకు తెలుసు, బయట 43 ఉన్నా ఫ్యాన్ మంచిగనే పనిచేస్తది, నీళ్ల వేడిని బాగ కిందికి గుంజుతది. ఫ్యాన్ చేతులెత్తేసేది జూన్ ఆఖరు, జులైల, వాన పడి ఆగి ఉక్కపోత పెట్టినప్పుడు, బయట 33 ఏ ఉంటది కానీ నీళ్లు 29, 30 కాడ మొండికేస్తయి. అందరు మేకు భయపడి, వానలు పడంగనే ఎండాకాలం దాటింది అని పట్టించుకోరు. ఇంకోటి, మన ఇండ్లల్ల కూలర్ ఉంటది గదా, ట్యాంక్ ఉన్న గదిలనే కూలర్ పెడితే మనుషులకు చల్లగుంటది, కానీ గదిల తేమ పెరిగి ట్యాంక్ ఫ్యాన్ పని సగమైతది. కూలర్ ఒక గదిల, ట్యాంక్ ఇంకో గదిల ఉండాలె, లేదంటే కిటికీ బార్ల తీసి పెట్టాలె.

చిల్లర్ అయితే ఏ కాలమైనా అంకె పెట్టినకాడ ఆపుతది. దాని తిప్పలు వేరే. లోపలి వేడిని బయటికి ఊదుతది, దాన్ని కనపడొద్దని స్టాండ్ లోపల తలుపేసి పెడ్తరు, వదిలిన వేడే మళ్ల గుంజుకొని ఆగకుండ తిరిగి తిరిగి కంప్రెసర్ పోతది. కరెంటు బిల్లు సరే, ఇంటి ఇన్వర్టర్ మీద అది చాలాసార్లు స్టార్టే కాదు. ఎట్లాగూ రోజంతా ఏసీ నడిచే గదైతే చిల్లర్ అక్కర లేదు. లేనోళ్లకు నా సలహా: మెత్తటి పగడాలు పెట్టుకునేటట్టయితే రెండు ఫ్యాన్లు, 26 కాడ ఆన్ అయ్యే టెంపరేచర్ కంట్రోలర్, ఇవి చాలు, జులైల ఉక్క ఎక్కువైన రోజు గదిల ఏసీ వేసుకోవాలె. గట్టి పగడాల మీద, అందుల కొమ్మలు కొమ్మలుగ పెరిగే వాటి మీద మనసుంటే చిల్లర్ కొనకుండ మొదలుపెట్టొద్దు. గాభరాగ ఐసు గడ్డలు వేసేటోళ్లు ఉన్నరు, ఒక్కసారి 5 డిగ్రీలు దిగితే వేడి కన్నా అదే ఎక్కువ దెబ్బ, మరీ తప్పదనుకుంటే మూత గట్టిగ పెట్టిన బాటిల్ల గడ్డకట్టించి సంపుల (ట్యాంక్ కింద పెట్టే రెండో తొట్టిల) వేయండి, ఒక్కోటి.

కరెంటు. గాలిదుమారం వచ్చి చెట్టు లైను మీద పడితే మూడు నాలుగు గంటలు కూడ రాకపోవచ్చు. వేడి నీళ్లల్ల ఆక్సిజన్ తక్కువ నిలుస్తది, నీళ్లు కదలకపోతే ముందు చేపలే పోతయి. బ్యాటరీ ఎయిర్ పంప్ చౌక, కరెంటు పోంగనే దానంతటదే మొదలయ్యేది దొరుకుతది, చిన్న ట్యాంకుకు సరిపోతది. కానీ మన ఇండ్లల్ల ఇన్వర్టర్ చాలావరకు ఉండనే ఉంటది, నీళ్లు కదిలించే 10, 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటి దాని మీదికి మారిస్తే ఇంటి ఫ్యాన్లు, లైట్లతోటి కలిపి కూడ రాత్రంతా నడుస్తది. ఇన్వర్టరే మేలు, ట్యాంక్ లైట్లు, స్కిమ్మర్ (గాలి నురగతోటి మురికి తీసేది), రిటర్న్ పంప్ (సంపు నీళ్లు మీది ట్యాంకుకు ఎక్కించేది) దాని మీద వేయొద్దు.

కరెంటు పోయినప్పుడు ఇంకో ప్రమాదం సంపు నిండి ఇల్లంతా ఉప్పునీళ్లయితయి. రిటర్న్ పంప్ ఆగంగనే పైప్ వెనుకకు గుంజుతది, మీది నీళ్లు కిందికి దిగుతయి. చాలామంది నీళ్లు వెనుకకు రాకుండ ఆపే చెక్ వాల్వ్ పెట్టి నిశ్చింతగ ఉంటరు, అది సున్నం పట్టి సగం తెరుచుకొని ఉంటది. పైపుకు నీళ్ల మట్టానికి కొంచెం కింద చిన్న బెజ్జం కొడితే గాలి పోయి గుంజుడు ఆగుతది. చెక్ వాల్వ్ కన్నా ఆ బెజ్జమే నమ్మకం, అది కూడ నత్త కూసుంటే మూసుకపోతది, నెలకోసారి పుల్లతోటి పొడవాలె. సంపుల ఎప్పుడూ జాగ ఖాళీ ఉంచి, మీరు ఇంట్ల ఉన్నప్పుడే పంప్ బందు చేసి నీళ్లు యాడిదాకా వస్తయో చూసుకోండి. స్విచ్ బోర్డు ట్యాంక్ కింద పెట్టొద్దు, పక్క గోడకు పెట్టి వైరు కిందికి వంపు తిప్పి తేవాలె, నీళ్లు వైరు వెంబడి బోర్డులకు పోకుండ. ఆర్సీసీబీ (షాక్ కొట్టకుండ కరెంటు బందు చేసే స్విచ్) లేని ఇంట్ల అది వేయించినంకనే ట్యాంకుల చెయ్యి పెట్టుండ్రి.

స్టాండ్ గురించి తొందరగ చెప్త. ప్లైవుడ్ తడికి ఉబ్బుతది, వెల్డింగ్ షాపుల చేయించిన ఇనుపదానికి ఉప్పు పట్టి ఏడాదిల తుప్పు. కరీంనగర్ గ్రానైట్ మన ఇంటి ముందే దొరుకుతది, వంటింటి గట్టు లెక్క ఇటుక గోడలు లేపి మీద గ్రానైట్ బండ వేసి లెవెల్ చూసుకుంటే జన్మల కదలదు. 190 లీటర్ల ట్యాంక్ రాళ్లు, అద్దాలు, ఇసుక కలిపి 250 కిలోలు దాటుతది.

రాళ్లకు వస్తే లైవ్ రాకా, ఎండు రాకా? లైవ్ రాక్, అంటే సముద్రంల నుంచి జీవులతోటే వచ్చే రాయి, దాని తోటి బ్యాక్టీరియా తయారుగ వస్తది, దాంతోటే పురుగులు, ఎయిప్టేసియా అనే కుట్టే మొక్కలాంటి జంతువు కూడ వస్తది. అంతకన్నా పెద్ద మాట, గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సీ కుకుంబర్లు 1972 వన్యప్రాణి చట్టంల 2001ల షెడ్యూల్ 1కి చేరినయి, మన సముద్రంల నుంచి వాటిని తీసుడు నేరం, పగడపు బండ ముక్క కూడ పగడమే. బిల్లు లేకుండ చాటుంగ అమ్మేది కొనకుండ్రి. ఎండు రాయే మేలు. నాలుగు నుంచి ఆరు వారాలు చేపల్లేకుండ ఉంచి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చినంకనే మొదటి చేప. ఆ తర్వాత కూడ రెండు మూడు నెలలు ట్యాంక్ అందంగ ఉండదు, బూజు వస్తది పోతది, ఆ టైంల ఆగమై మందులు పోయొద్దు.

రాయి మీద పనికిరాని జీవులున్నయని ఉడకబెట్టేటోళ్లు ఉన్నరు. దయచేసి ఆ పని చేయకుండ్రి. జోయాంథిడ్ జాతి పగడాలల్ల కొన్నింటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటది, ఉడికిస్తే ఆవిరిల కలిసి ఇంట్లోళ్లందరిని దవాఖానకు పంపిస్తది. వాటిని ముట్టుకుంటే చేతికి గ్లౌజులు, కోస్తే కండ్లకు అద్దాలు తప్పనిసరి.

క్లౌన్ ఫిష్ అయితే హేచరీల పుట్టినదే తీసుకోండి, మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడ దాన్ని పెంచే పద్ధతి తయారుచేసిన్రు. సముద్రంల పట్టింది రోగాలతోటి వస్తది, గోలీల తిండి ముట్టదు. దాని జోడికి ఎనిమోన్ (పువ్వు లెక్క ఉండే, కుట్టే సముద్రజీవి) కావాలె అని పిల్లలు పట్టుబడ్తరు, ఏడాది నిండని ట్యాంకుల అది జాగ వెతుక్కుంట నడిచి వేవ్‌మేకర్ల పడి ముక్కలైతది, ఆ ముక్కలతోటి ట్యాంకంతా విషమైతది. చేపలకు తెల్లమచ్చలు వస్తే రాగి మందు వేరే తొట్టిల వేయాలె, మెయిన్ ట్యాంకుల పోస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్ని పోతయి. ట్యాంక్ గదిల దోమల స్ప్రే కూడ కొట్టొద్దు, స్కిమ్మర్ గది గాలినే గుంజుతది.

ఆఖరుది, మేడారం జాతరకో సంక్రాంతికో ఇల్లు తాళమేసి పోయేటప్పుడు. ఆటో ఫీడరా, పక్కింటి అత్తమ్మా, ఏదీ లేకుండనా? ఆటో ఫీడర్ల తేమకు గోలీలు ముద్ద కట్టి ఒక్కసారే పడ్తయి. అత్తమ్మ ప్రేమకొద్దీ పిడికెడు వేస్తది. ఆరోగ్యంగున్న పెద్ద చేపలు నాలుగు రోజులు తిండి లేకున్నా ఉంటయి, కాబట్టి మూడు నాలుగు రోజులైతే ఏదీ వద్దు, ఉత్త నీళ్లు దానంతటవే పోసే ఆటో టాప్‌అప్‌ ఒక్కటి చాలు, దాని డబ్బా మాత్రం పెద్దది పెట్టొద్దు, ఫ్లోట్ ఇరుక్కపోతే డబ్బాల నీళ్లన్నీ ట్యాంకుల పడి ఉప్పు పల్చబడ్తది, 15 లీటర్లదైతే అది మొత్తం పడ్డా 190 లీటర్ల ట్యాంక్ తట్టుకుంటది. వారం పోయేటట్టుంటే అత్తమ్మకే చెప్పుండ్రి, కానీ తిండి డబ్బా దాచిపెట్టి, రోజుకొక్కటి లెక్కన గోలీలు కాగితం పొట్లాలు కట్టి, మీద సోమవారం, మంగళవారం అని రాసి ఇచ్చిపోండి.