బూట్లు విప్పాక బీపీఈడీయా, లైసెన్సా?

మా అక్క కొడుకు నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడి పెరిగాడు. హైదరాబాద్ లీగ్‌లో రెండు సీజన్లు ఆడాడు. ఇరవై నాలుగేళ్లకే మోకాలు మొరాయిస్తోంది. మొన్న ఫోన్ చేసి, "మామా, బీపీఈడీ చెయ్యాల్నా, కోచింగ్ లైసెన్స్ తీస్కోవాల్నా?" అన్నాడు. నేను ఒకప్పుడు జిల్లాకు రైట్ బ్యాక్ ఆడాను, ఇప్పుడు మిర్యాలగూడ వైపు ఒక హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల పంతుల్ని. కాబట్టి బీపీఈడీయే చెయ్యమంటానని వాడి లెక్క.

బీపీఈడీ అంటే వ్యాయామ ఉపాధ్యాయులయ్యేందుకు రెండేళ్ల చదువు. టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ కొడితే సర్కారు కొలువు, ఒకటో తారీఖు జీతం, సంబంధాలు చూసేటప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట. కానీ కొట్టడమే కష్టం. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో పీఈటీవి 182, అదీ రాష్ట్రమంతటికీ. రాకపోతే ప్రైవేటు బడి. అక్కడి జీతం సంగతి అడక్కపోవడమే మంచిది.

వచ్చిందే అనుకుందాం. ఫుట్‌బాల్ ఎంత మిగులుతుంది? పొద్దున ప్రార్థనకు పిల్లల్ని లైన్లో నిలబెట్టేది నేనే, అల్లరి చేస్తే పంచాయితీ తీర్చేదీ నేనే. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ అన్నీ నేర్పాలి. గ్రౌండ్‌లో సగం వాలీబాల్ కోర్టు. ఎస్జీఎఫ్ (బడి పిల్లల ఆటల పోటీల) సెలెక్షన్లకు పదకొండు మంది కావాలంటే కబడ్డీ పిల్లల్ని అరువు తెచ్చుకుంటాను. ఏడాదిలో బంతిని కాలితో తన్నిన రోజులు లెక్కపెట్టమంటే నాకే సిగ్గు.

ఫుట్‌బాల్ కోచింగ్ లైసెన్స్ దారి వేరు. మొదట డి లైసెన్స్, కొద్ది రోజుల కోర్సు. చిన్నపిల్లలకు ఆట ఎలా నేర్పాలో అందులో చెబుతారు. తర్వాత సి, బి, ఏ, చివరికి ప్రో. దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐఎస్ఎల్‌లో హెడ్ కోచ్ కావాలంటే ప్రో ఉండాలి. డబ్బు కట్టి వరసగా ఎక్కేసే మెట్లు కావివి. మధ్యలో నిజంగా ఒక జట్టుకు కోచింగ్ ఇచ్చి ఉండాలి. నల్లగొండలో కూర్చున్నవాడికి ఆ జట్టు ఎక్కడిది? సాయంత్రం పూట పిల్లల్ని పోగేసి తనే తయారుచేసుకోవాలి, లేదా హైదరాబాద్‌లో ఏదైనా అకాడమీలో అసిస్టెంట్‌గా చేరాలి.

ఈ దారిలో భరోసా తక్కువ. హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కొట్టింది. ఆ తర్వాత డబ్బు ఇబ్బందుల్లో పడి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. కప్పు కొట్టిన క్లబ్బు గతే అలా ఉంటే అకాడమీ అసిస్టెంట్ గురించి ఏం చెప్తాం.

అన్నట్టు, మావాడు ఎప్పుడూ "మేనేజర్ అయితా" అంటుంటాడు, మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపిన ఫెర్గూసన్ వీడియోలు చూసి. ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే జట్టును నడిపే పెద్ద. మన క్లబ్బుల్లో ఆ పని హెడ్ కోచ్‌ది. టీమ్ మేనేజర్ అంటే రైలు టికెట్లు, హోటలు, జెర్సీలు, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు చూసుకునేవాడు. అదీ అవసరమైన పనే, కానీ వాడు కలగనేది అది కాదు.

"పెద్ద ప్లేయర్‌ని కాదు గదా, నన్నెవరు తీస్కుంటరు" అనేది వాడి టెన్షన్. ఖాలిద్ జమీల్‌ను చూడమన్నాను. ఆటగాడిగా ఆయన్ను గాయాలు చాలా వెనక్కి లాగాయి. 2009లో ఆడుతున్న ముంబై ఎఫ్‌సీకే కోచ్ అయ్యాడు. 2016–17లో మిజోరంలోని చిన్న క్లబ్బు ఐజ్వాల్‌కు దేశస్థాయి లీగ్ ఐ-లీగ్ గెలిపించాడు, 2025లో భారత జట్టు కోచ్ అయ్యాడు. మన హైదరాబాద్ రహీం సాబ్ అయితే బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు (అప్పట్లో పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ), దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు ఆయన కోచింగ్‌లో వచ్చినవే. పంతులు ఉద్యోగం ఆయనకు అడ్డం రాలేదని నన్నెవరైనా నిలదీయొచ్చు. నిజమే, కానీ ఆయనకు హైదరాబాద్ ఉంది, ఆ పోలీస్ జట్టు ఉంది. నాకు సగం వాలీబాల్ కోర్టు ఉంది.

అందుకే వాడికి ముందు డి లైసెన్సే తీసుకోమన్నాను. మోకాలు సహకరిస్తున్నప్పుడే, ఆట ఆపకుండానే, సాయంత్రాలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టమన్నాను. వచ్చే ఏడాది బీపీఈడీలో చేరొచ్చు, అది ఎక్కడికీ పోదు. ఇరవై ఎనిమిది నిండేలోపు సి దాకా రాకపోతే అప్పుడు డీఎస్సీ పుస్తకాలు పట్టుకోవచ్చు. దేశస్థాయి లీగ్ క్లబ్బులో కాంట్రాక్టు ఉన్న కుర్రాడైతే ఈ రెండూ పక్కనపెట్టి ఆడుకోమనే అనేవాణ్ని. జిల్లా జట్టు దాటని వాడికైతే బీపీఈడీయే నయం. మావాడు మధ్యలో ఉన్నాడు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మామా, మరి అమ్మకెవరు చెప్తరు?" అన్నాడు. అక్కకు ఇంకా ఫోన్ చెయ్యలేదు.