లూప్‌లో నడపాలా, నచ్చినప్పుడు వినాలా? కె-పాప్ స్ట్రీమింగ్‌లో ఏది మేలు

కంబ్యాక్, అంటే గ్రూపు కొత్త పాట విడుదల, తేదీ బయటికి రాగానే కె-పాప్ (కొరియా పాప్ సంగీతం) ఫ్యాన్ గ్రూపుల్లోకి పాట కంటే ముందు స్ట్రీమింగ్ గైడ్ వచ్చేస్తుంది. ఏ యాప్‌లో వినాలి, ఎన్ని అకౌంట్లు ఉండాలి, మొదటి 24 గంటల గోల్ ఎంత, అన్నీ రంగురంగుల పోస్టర్ల మీద ఉంటాయి. దాన్ని అక్షరాలా పాటించేవాళ్లు ఒక వర్గం. "నచ్చితే వింటాం, ఉద్యోగంలా చెయ్యం" అనేవాళ్లు ఇంకో వర్గం. ఆ టైమంతా దండగ, ఆల్బమ్ కొనెయ్యండి అనే మూడో వర్గమూ ఉంది. అందరూ ఒకే గ్రూపుని ప్రేమించేవాళ్లే, కంబ్యాక్ వారంలో మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

నేను రెండో వర్గం వైపు మొగ్గుతాను. అయితే మొదటి వర్గాన్ని పిచ్చివాళ్లని కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. ముందు వాళ్ల పని ఎలా ఉంటుందో చూద్దాం.

ప్లేలిస్ట్ తయారీయే ఒక విద్య. టైటిల్ సాంగ్ (ఆల్బమ్‌లో ముఖ్యమైన పాట), తర్వాత అదే ఆల్బమ్‌లో ఇంకో పాట, మళ్లీ టైటిల్, ఆపైన ఒక పాత హిట్, మళ్లీ టైటిల్. ఒకే పాట వరసగా తిరిగితే యాప్ దాన్ని మెషీన్ అనుకుని లెక్కలోంచి తీసేస్తుందని భయం, అందుకే మధ్యలో ఫిల్లర్లు. యూట్యూబ్ గైడ్ ఇంకా కఠినం: లూప్ బటన్ నొక్కొద్దు, మ్యూట్ చెయ్యొద్దు, వాల్యూమ్ సగానికి పైనే ఉంచండి, లింక్ మీద నొక్కకుండా సెర్చ్‌లో పేరు టైప్ చేసి రండి, మధ్యలో రెండు మూడు వేరే వీడియోలు చూడండి. వీటిలో కొన్ని అనుభవంతో వచ్చినవి, మిగతావి వ్యూస్ డిలీట్ అవుతాయన్న టెన్షన్‌తో పుట్టినవి. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్ పడినట్టే, అయినా పాట మొత్తం నడపమనే చెప్తారు. స్టేషన్‌హెడ్ లాంటి యాప్‌లో ఒకరు డీజేలా పాట వేస్తే, చేరినవాళ్లందరి సొంత అకౌంట్లలోనూ అదే పాట నడుస్తుంది. అది నిజంగానే సరదాగా ఉంటుంది, ఒప్పుకోవాలి.

కొరియాలో ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. అక్కడ ముఖ్యమైన మ్యూజిక్ యాప్‌లలో ఒకటి మెలోన్. గంటగంటకీ మారే రియల్‌టైమ్ చార్ట్ ఉన్న రోజుల్లో పాటలు అర్ధరాత్రి 12కి వదిలేవాళ్లు. ఊరంతా నిద్రలో ఉంటుంది, ఫ్యాన్లు మేలుకుని ఉంటారు. తెల్లారి చూస్తే ఒకే ఆల్బమ్‌లోని పాటలు పైనుంచి వరసగా నిలబడి ఉండేవి. మామూలు జనం పొద్దున ఆఫీసుకెళ్తూ యాప్ తెరిచి, టాప్ 100 అలాగే ప్లే చేసేస్తారు. అంటే రాత్రి ఫ్యాన్లు ఎక్కించిన పాట పొద్దున బస్సులోనూ మెట్రోలోనూ మోగుతుంది. ఈ ఒక్క కారణం చాలు, గుంపుగా స్ట్రీమింగ్ చెయ్యడం ఎందుకు పుట్టిందో అర్థం కావడానికి.

చార్ట్‌వాళ్లు ఊరుకోలేదు. 2017 ఫిబ్రవరి 27 నుంచి మధ్యాహ్నం 12కీ సాయంత్రం 6కీ మధ్య వచ్చిన పాటలకే వెంటనే చార్ట్‌లో చోటు అన్నారు. దాంతో చాలా కంపెనీలు సాయంత్రం 6కి మారాయి. మనకి మధ్యాహ్నం రెండున్నరకి కంబ్యాక్‌లు రావడం, కాలేజీలో క్లాసు నడుస్తుండగా ఫోన్ బెంచీ కింద పెట్టుకోవడం, దీని పుణ్యమే. 2018 జులైలో రాత్రి 1 నుంచి 7 దాకా చార్ట్‌నే ఆపేశారు. 2020 జులైలో మెలోన్ రియల్‌టైమ్ లెక్కని వదిలేసి, 24 గంటల్లో ఒక మనిషి ఒక పాటని ఎన్నిసార్లు విన్నా ఒక్కటిగానే లెక్కపెట్టడం మొదలెట్టింది. 2021 ఆగస్టులో మళ్లీ సగం వెనక్కి వచ్చి, 24 గంటల లెక్క సగం, చివరి గంట లెక్క సగం కలిపి టాప్ 100 తెచ్చింది.

ఒకరోజులో ఒక ఐడీకి ఒక్కటే లెక్క అన్నాక, రాత్రంతా లూప్ నడిపినవాడికీ టీ తాగుతూ ఒకసారి విన్నవాడికీ తేడా ఏముంది? ఫ్యాన్ టీములు అక్కడితో ఆగలేదు. స్ట్రీమింగ్‌కి తీరిక లేనివాళ్ల దగ్గర ఐడీలు విరాళంగా తీసుకుని నడిపే అలవాటు ఎప్పట్నుంచో ఉంది, అదే ఇంకా ముదిరింది. నాకు మింగుడుపడని చోటు ఇదే. వేరేవాళ్ల ఐడీతో, ఎవరూ వినని ఫోన్‌లో నడిచే పాటని వినడం అని ఎలా అంటాం?

కొరియాలో సాజెగి అని ఒకటుంది, డబ్బులిచ్చి బ్రోకర్ల చేత పాటని చార్ట్ ఎక్కించడం. దానికి జైలూ జరిమానా పడేలా 2016లో చట్టం సవరించారు. 2019 నవంబర్‌లో బ్లాక్ బి అనే గ్రూపులోని పార్క్ క్యుంగ్ కొందరు గాయకుల పేర్లు పెట్టి, నేనూ వాళ్లలా సాజెగి చేసుకుంటే బాగుండు అన్నట్టు ట్వీట్ పెట్టాడు. ఆఖరికి పరువునష్టం కింద 50 లక్షల వాన్‌ల జరిమానా తనకే పడింది. ఫ్యాన్ల వాదన ఒకటే: వాళ్లది డబ్బు, మాది ప్రేమ. నిజమే, తేడా చాలా ఉంది. కాకపోతే ఆ తేడా చార్ట్‌కి తెలియదు. దానికి కనిపించేవి ఐడీలే.

ఇక రెండో దారి, నచ్చితే వినడం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ బ్రేవ్ గర్ల్స్ అనే అమ్మాయిల గ్రూపు. 2017 మార్చిలో వచ్చిన వాళ్ల రోలిన్ పాటని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మిలటరీ క్యాంపుల్లో వాళ్లు ఆ పాటకి ఆడుతుంటే సైనికులు ఊగిపోయేవాళ్లు. ఆ క్లిప్పుల్నీ, వాటికింద వచ్చిన సరదా కామెంట్లనీ కలిపి 2021 ఫిబ్రవరి చివర్లో ఎవరో ఒక వీడియో పెట్టారు. మార్చికల్లా పాట చార్ట్‌లో మొదటి స్థానానికి చేరింది, మ్యూజిక్ షోల్లో కప్పులూ వచ్చాయి. అంతకుముందు 2014లో ఈఎక్స్‌ఐడీ గ్రూపు కథా ఇంతే, ఒక ఫ్యాన్‌క్యామ్ (ఫ్యాన్ తీసిన స్టేజీ వీడియో) వైరల్ అయి, మునిగిపోయిన పాట నెలల తర్వాత తేలింది. 2023లో ఫిఫ్టీ ఫిఫ్టీ పాట క్యూపిడ్, చెప్పుకోదగ్గ ఫ్యాన్‌డమ్ ఏదీ లేకుండానే, టిక్‌టాక్ గాలికి అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 17వ స్థానం దాకా పోయింది.

వినడానికి చాలా బాగుంటాయి ఈ కథలు. కానీ బ్రేవ్ గర్ల్స్‌కి నాలుగేళ్లు పట్టింది, ఆ వీడియో వచ్చేనాటికి వాళ్లు విడిపోయే ఆలోచనలో ఉన్నారు. అలాంటి వీడియో రాక మూతపడిన గ్రూపుల పేర్లు మనకి గుర్తు కూడా లేవు. పాట బాగుంటే దానంతటదే పైకొస్తుందని పెద్ద గ్రూపుల ఫ్యాన్లు తీరిగ్గా చెప్పగలరు. చిన్న కంపెనీ నుంచి వచ్చిన కొత్త గ్రూపుకి మొదటి వారంలో చార్ట్ అంచునైనా తాకడం ముఖ్యం. వాళ్ల ఫ్యాన్లు ఆ వారం రోజులు పట్టుబట్టి వింటే నేను తప్పుపట్టను.

డబ్బు విషయానికొస్తే చాలామంది ఫ్యాన్లు తప్పు లెక్క వేసుకుంటారు. మెలోన్, స్పాటిఫై లాంటివాటిలో చందాలన్నీ ఒకే కుప్పగా పోసి, మొత్తం స్ట్రీముల్లో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నెలకి ఒకే చందా కట్టి పాటని వెయ్యిసార్లు నడిపితే కుప్ప పెరగదు. మన గ్రూపు వాటా కాస్త పెరుగుతుంది, ఆ మేరకు ఏ జాజ్ వాయించేవాడికో, ఏ ఇండీ బ్యాండుకో తగ్గుతుంది. కొరియాలోనే నేవర్ కంపెనీ వారి మ్యూజిక్ యాప్ వైబ్ 2020లో వేరే పద్ధతి తెచ్చింది: నువ్వు కట్టిన చందా నువ్వు విన్నవాళ్లకే పోతుంది. అక్కడ పదిసార్లు విన్నా పదివేలసార్లు విన్నా నీ నుంచి వెళ్లేది అంతే. ప్లేలిస్ట్ సైన్యాలకి ఆ పద్ధతిలో పనే ఉండదు, నాకైతే అదే న్యాయంగా తోస్తుంది.

మరి కొనడం? బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌కి 2018లో పెట్టి, 2026 జనవరిలో మార్చేదాకా నడిచిన లెక్క చూడండి. చందా కట్టినవాళ్ల స్ట్రీములు 1,250 అయితే ఒక ఆల్బమ్ అమ్మినట్టు, యాడ్స్ వినే ఉచిత అకౌంట్లవైతే 3,750. మూడు నిమిషాల పాట అనుకుంటే 1,250 సార్లు నడపడానికి 62 గంటల పైన పడుతుంది. ఉచిత అకౌంట్‌లో 187 గంటలు, అంటే వారం రోజులు రాత్రీపగలూ ఆపకుండా నడిపినా ఒక్క ఆల్బమ్‌కి సరిపోయేది కాదు! ఈ లెక్క వేసి చూశాక ఫోన్ వేడెక్కించుకోవాలనిపించదు.

అలాగని కొనుగోళ్లు పులుకడిగిన ముత్యాలేం కాదు. ఫ్యాన్‌సైన్ (గ్రూపుని కలిసి సంతకం తీసుకునే కార్యక్రమం) లాటరీ కోసం ఒకే ఆల్బమ్‌ని పదులకొద్దీ కొని, లోపలి ఫొటోకార్డులు తీసుకుని మిగతాది పారేసేవాళ్లు ఉన్నారు. డౌన్‌లోడ్‌లని గుంపుగా కొంటున్నారన్న గొడవ వచ్చినప్పుడు, 2021లో బిల్‌బోర్డ్‌కిచ్చిన ఇంటర్వ్యూలో బీటీఎస్ ఆర్ఎం, రూల్స్ మార్చుకోవాలంటే అది బిల్‌బోర్డ్ చేతుల్లోనే ఉందన్నట్టు జవాబిచ్చాడు. వాళ్లు మార్చారు కూడా: 2022 నుంచి ఒక మనిషి వారంలో ఒకే పాట డౌన్‌లోడ్‌లు ఎన్ని కొన్నా ఒక్కటే లెక్క.

మనవాళ్లకి ఇదేం కొత్త ఆట కాదు. టీజర్ 24 గంటల వ్యూస్ పోస్టర్ల మీద వేసుకుని, అవతలి హీరోవి ఫేక్ వ్యూస్ అని కొట్టుకునే తెలుగు సినిమా ఫ్యాన్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ 24 గంటల రికార్డుల రూల్ మారడానికి కారణమూ మన దేశమే. 2019 జులైలో ర్యాపర్ బాద్‌షా పాట పాగల్ ఒక్కరోజులో ఏడున్నర కోట్ల వ్యూస్‌తో బీటీఎస్ రికార్డు దాటిందన్నారు. అందులో యాడ్స్ రూపంలో కొన్న వ్యూస్ ఉన్నాయని తేలడంతో యూట్యూబ్ దాన్ని రికార్డుగా ప్రకటించలేదు. ఆ సెప్టెంబర్‌లో యాడ్స్ వల్ల వచ్చే వ్యూస్‌ని ఈ లెక్కలోంచి తీసేసింది. 2021 మేలో బీటీఎస్ పాట బటర్ 24 గంటల్లో 10.82 కోట్లు దాటింది ఈ కొత్త రూల్ కిందే, అంటే నొక్కినవి ఫ్యాన్ల వేళ్లే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చున్న ఫ్యాన్ గైడ్ చూసేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మెలోన్ మనకి అందదు, దానికి కొరియా ఫోన్ నంబర్ల గొడవ. హాట్ 100లో అమెరికా స్ట్రీములే లెక్క, మనం ఎంత నడిపినా అక్కడ సున్నా. 2020 సెప్టెంబర్‌లో మొదలైన బిల్‌బోర్డ్ గ్లోబల్ 200లో మన దేశం స్ట్రీములూ కలుస్తాయి, చందా కట్టి వింటే ఎక్కువ విలువ. స్పాటిఫై సొంత చార్టుల్లోనూ లెక్కే. కొన్ని కొరియా మ్యూజిక్ షోలు యూట్యూబ్ వ్యూస్‌నీ, విదేశీ ఫ్యాన్ల ఓట్లనీ కలుపుకుంటాయి. ఇవి చూసుకోకుండా "అమెరికా గోల్ తగ్గింది, ఎవరూ నిద్రపోవద్దు" అని మన గ్రూపులో మెసేజ్ పెట్టేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నన్ను ఈ పద్ధతికి దూరం చేసింది చార్ట్ లెక్కలకంటే ఆ మెసేజ్‌లే. పరీక్షలున్నాయని ఒక పిల్ల అంటే "వాళ్లు నీకోసం నిద్ర మానుకున్నారు, నువ్వు రెండు గంటలు పాట పెట్టలేవా" అని జవాబు. స్క్రీన్‌షాట్ పెట్టకపోతే నకిలీ ఫ్యాన్. గోల్ తప్పితే తప్పు కంపెనీదీ కాదు, పాటదీ కాదు, మనదే. ప్రమోషన్‌కి డబ్బు పెట్టాల్సింది కంపెనీ. ఆ పనిని ఇంటర్ చదివే పిల్లల చేత జీతం లేకుండా చేయించుకుంటుంటే, దానికి ప్రేమ అని పేరు పెట్టుకుని సంబరపడుతున్నాం.

అందుకే నా మటుకు లెక్క ఇలా ఉంది. కొత్త గ్రూపు, చిన్న కంపెనీ అయితే మొదటి వారం స్ట్రీమింగ్ పార్టీల్లో చేరతాను, మేలుకుని ఉన్నంతసేపు, నా ఒక్క అకౌంట్‌తో. స్టేడియాలు నింపే గ్రూపులకి నా లూపులు అక్కర్లేదు, వాళ్ల పాట నచ్చినంత వింటాను. ఐడీలు అరువిచ్చే పనికీ, మ్యూట్ చేసి పక్కన పడేసే రెండో ఫోన్‌కీ రాంరాం. డబ్బు పెట్టగలిగితే నాలుగు ఉచిత అకౌంట్ల బదులు ఒక చందా, ఏడాదికి ఒకటో రెండో ఆల్బమ్‌లు. కస్టమ్స్ ఖర్చు భారం కాబట్టి, నలుగురం కలిసి తెప్పించుకునే గ్రూప్ ఆర్డర్‌లో.