ప్లాస్టిక్ సెక్స్‌టెంట్‌తో ఆరేళ్ళు: బెసెంట్ నగర్ తీరం నుంచి

ఈ సెక్స్‌టెంట్ నా దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. చెన్నైలో బెసెంట్ నగర్ తీరాన, సెలవు దొరికిన ప్రతి ఉదయం నావికులు వాడే ఈ పరికరంతో దిగంతం నుంచి సూర్యుడి ఎత్తును కోణంగా కొలుస్తున్నాను. కొనదలచినవారికి ముందుగా చెప్పాల్సింది ఇది: మొదటి ఏడాది నన్ను తిప్పలు పెట్టింది పరికరం కాదు, నేను చేసిన సవరణలు.

ఎనిమిది నెలలు నా స్థానరేఖ, అంటే నేనున్న చోటు దీని మీదే ఎక్కడో ఉందని కొలత చెప్పే గీత, తీరం దాటి, రెండు కిలోమీటర్లకు పైగా తూర్పున సముద్రంలో పడేది. అద్దాలు సరిచేశాను, గడియారం మార్చాను. ఫలితం మారలేదు. ఒకరోజు పక్కన సమయం రాస్తున్న తమ్ముడు అన్నాడు: "అన్నయ్యా, కంటి ఎత్తు 1.6 మీటర్లని వేశావు. మనం నిలబడింది నీటి అంచున కాదు కదా, ఇసుక మిట్ట మీద!"

లోపం అక్కడే ఉంది. కంటి ఎత్తును సముద్ర మట్టం నుంచి లెక్కించాలి. మీటర్లలో ఉన్న ఆ ఎత్తుకు వర్గమూలం తీసి 1.76తో గుణిస్తే, దిగంతం ఎంత కిందికి దిగి కనిపిస్తుందో కళల్లో వస్తుంది. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. 1.6 మీటర్లకు 2.2 కళలు, మా అసలు ఎత్తు 4 మీటర్లకు 3.5 కళలు. నేను తీసివేయకుండా వదిలిన 1.3 కళలు నేల మీద 2.4 కిలోమీటర్లు! ఎత్తు తక్కువైనకొద్దీ ఈ పొరపాటు ఖరీదు పెరుగుతుంది. అందుకే వీలైనప్పుడల్లా తీరం ఎదుట మిత్రుడి మేడ ఎక్కుతాను. 20 మీటర్ల ఎత్తులో ఒక మీటరు అటూ ఇటూ అయినా తేడా 0.2 కళ మాత్రమే.

వక్రీభవనం మాటకొస్తే, సూర్యబింబం నీటిని తాకినట్లు కనిపించే క్షణానికి నిజానికి బింబమంతా దిగంతం కిందే ఉంటుంది. అక్కడ గాలి కిరణాన్ని దాదాపు 34 కళలు వంచుతుంది, బింబం వెడల్పేమో 32 కళలే. అంత అందమైన దృశ్యాన్ని కొలవకుండా వదిలేయడం మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు సూర్యుడు 15 డిగ్రీలు ఎక్కేదాకా ఆగుతాను. అక్కడ వంపు మూడున్నర కళలకు కాస్త పైన, నమ్మదగినది. వక్రీభవన పట్టికలు 10 డిగ్రీల సెల్సియస్‌కు వేసినవి. మన 30 డిగ్రీల ఉదయాల్లో ఆ సవరణలో సుమారు 7 శాతం తగ్గించాలి.

ఇక పరికరం సంగతి. ఎండ తగిలితే ప్లాస్టిక్ వ్యాకోచించి శూన్యాంశ దోషం, అంటే కోణం సున్నా కావాల్సిన చోట పరికరం చూపే తేడా, అరగంటలో మారిపోతుంది. ప్రతి కొలతకు ముందూ తరువాతా దిగంతంతో సరిచూసుకోవాల్సిందే. మూడో ఏటికే ఉప్పుగాలికి ఒక అద్దం అంచున పూత లేచింది. కొలత అయ్యాక మంచినీటి తడిగుడ్డతో తుడవడం అప్పటినుంచి మానలేదు. నక్షత్రాలకు దీని దూరదర్శిని చాలదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డిసెంబరు మధ్యాహ్నపు కొలత. అప్పుడు సూర్యుడు దక్షిణాన ఉంటాడు, అటు మనకు తేటగా సముద్రం లేదు. గాలి తగలని మూల పళ్ళెంలో పాత ఇంజను ఆయిల్ పోసి, అందులోని ప్రతిబింబాన్ని అసలు బింబానికి తాకిస్తాను. వచ్చిన 107 డిగ్రీలను సగం చేస్తే సూర్యుడి ఎత్తు. పరికరం దోషమూ సగమవుతుంది. దిగంతమే లేదు కనుక దాని సవరణా లేదు, మిగిలేది 0.7 కళ వక్రీభవనం, బింబ వ్యాసార్ధం. వేసవిలో ఈ పద్ధతి కుదరదు: రెట్టింపు కోణం ఈ సెక్స్‌టెంట్ కొలిచే 120 డిగ్రీలను దాటిపోతుంది.