‘నేరుగా అమరుతుంది’ అన్న కార్బన్ స్టాక్: ఆరు వేట కాలాల తరువాత

ఆరేళ్ల కిందట నా వేట రైఫిల్‌కు ఉన్న పాత స్టాక్‌ను, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే దిమ్మను, తీసివేసి కార్బన్ ఫైబర్ స్టాక్ బిగించుకున్నాను. దానితో పాటు వచ్చిన కాగితం మీద ‘ఎలాంటి సవరణా అక్కరలేదు, నేరుగా అమరుతుంది’ అని ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మినందుకు ఒక వేట కాలం మొత్తం పోగొట్టుకున్నాను. అంతకంటె బాధాకరంగా, నా చేతిలోని ఆయుధం మీద నాకున్న నమ్మకాన్ని కూడా కొంతకాలం పోగొట్టుకున్నాను. ఆ స్టాక్‌ను ఇప్పటికీ వాడుతున్నాను, వదులుకునే ఆలోచన కూడా లేదు. ఆ వాక్యం మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నా రైఫిల్ రెమింగ్టన్ 700, కింద తెరుచుకునే పలక ఉన్న రకం, తూటా 7ఎంఎం-08. బ్యారెల్‌ను, ట్రిగ్గర్‌ను నేను ముట్టుకోలేదు. బ్యారెల్ మార్చితే తూటా కూర్చునే గది కొలతలు సరిచూడవలసి వస్తుంది, అది లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతు నిపుణుడు చేయవలసిన పని. ఇంట్లో బల్ల మీద నేను చేసినదల్లా బరువు తగ్గించడమే. పాత స్టాక్ 1,050 గ్రాములుంటే కొత్తది 620 గ్రాములు. పెద్ద స్కోప్ (గురి చూసే దుర్బిణి) స్థానంలో చిన్నది పెట్టడం వల్ల 230 గ్రాములు, దాన్ని పట్టి ఉంచే ఉక్కు పట్టీల స్థానంలో అల్యూమినియం పట్టీలు వేయడం వల్ల 90 గ్రాములు తగ్గాయి. మొత్తం మీద స్కోప్‌తో కలిపి 4,100 గ్రాములున్న రైఫిల్ 3,350 గ్రాములకు వచ్చింది.

ముప్పావు కిలో అంటే చెప్పుకోవడానికి చిన్న సంఖ్యలాగే ఉంటుంది. ఉదయం చీకటితో బయలుదేరి, మధ్యాహ్నానికి మూడు కొండవాలులు ఎక్కి దిగి, ఒక్కసారి కూడా గురి పెట్టకుండా తిరిగి వచ్చిన రోజున ఆ ముప్పావు కిలో ఎంతటిదో భుజానికి తెలుస్తుంది. మొదటి నెలలో నేను ఈ స్టాక్‌ను కనబడిన వారందరి దగ్గరా పొగిడాను. ఏటవాలుగా పాకుతున్నప్పుడు రైఫిల్‌ను ఒంటిచేత్తో ముందుకు జరపగలగడం, వంగి నడిచేటప్పుడు భుజం మీది పట్టీ జారిపోకపోవడం, సాయంత్రానికి మెడ పట్టేయకపోవడం అనే మూడింటి కోసమే ఆ శ్రమంతా తగినదని అప్పట్లో అనుకున్నాను.

చిక్కు మొదలైంది రెండో నెలలో. బిగించిన రోజున వంద మీటర్ల దూరంలో మూడు తూటాలు 25 మిల్లీమీటర్ల వెడల్పులో పడ్డాయి, పాత స్టాక్‌తో కూడా అంతకంటె మెరుగ్గా ఎన్నడూ రాలేదు. పది రోజుల తరువాత అదే చోట, అవే తూటాలతో కాల్చితే మూడూ ఒకచోటనే పడ్డాయి గాని, ఆ చోటు గురికి 70 మిల్లీమీటర్లు కుడివైపున ఉంది. స్కోప్ సరిచేసుకున్నాను. తరువాతి వారం ఎడమకు జరిగింది. మళ్లీ సరిచేసుకున్నాను. చెల్లాచెదురుగా పడితే ఏదో వదులైందని వెంటనే అనుమానించేవాణ్ణి. ప్రతిసారీ మూడూ గుత్తిగా పడుతూ, ఆ గుత్తి మాత్రం రోజుకొక చోట ఉండడం వల్ల తప్పు ఎక్కడుందో చాలాకాలం ఊహకే అందలేదు.

అందరూ అనుమానించే వాటినే నేను కూడా మొదట అనుమానించాను. స్కోప్‌ను తీసి ఒక వేట మిత్రుడి రైఫిల్ మీద బిగిస్తే అక్కడ అది కదలకుండా నిలిచింది. పట్టీల స్క్రూలన్నీ విప్పి, నూనె తుడిచి, మళ్లీ బిగించాను. తూటాల రకం మార్చాను. బ్యారెల్ స్టాక్‌కు ఎక్కడైనా తగులుతోందేమోనని మడిచిన కాగితాన్ని రెంటి మధ్య నుంచి వెనుకదాకా లాగి చూశాను, ఎక్కడా ఆగలేదు. రిసీవర్‌ను (బ్యారెల్ వెనుక బోల్టు కదిలే ఉక్కు భాగాన్ని) స్టాక్‌కు పట్టి ఉంచే రెండు స్క్రూలనూ టార్క్ రెంచితో 7.3 న్యూటన్ మీటర్లకు, అంటే స్క్రూలు దూరే చోట అల్యూమినియం స్తంభాలున్న స్టాక్‌కు సాధారణంగా చెప్పే 65 అంగుళాల పౌండ్లకు బిగించాను. రెంచి ప్రతిసారీ టిక్కుమన్నది. ఆ టిక్కును విని నేను ప్రతిసారీ తృప్తి పడ్డాను.

ఆ తృప్తితోనే వేటకు వెళ్లాను. దాదాపు 180 మీటర్ల దూరంలో, పక్కకు తిరిగి నిలబడి ఉన్న మగ జింక. రైఫిల్‌ను సంచి మీద ఆనించి, ఊపిరి నిలిపి, ఏ తొందరా లేకుండా కాల్చాను. జింక ఒక్కసారి ఉలిక్కిపడి, చెట్ల మధ్యకు పరుగెత్తి మాయమైంది. అది నిలబడిన చోట రక్తం గాని, వెంట్రుక గాని కనిపించలేదు. చీకటి పడేదాకా వెతికాను, మర్నాడు తెల్లవారగానే వెళ్లి మళ్లీ వెతికాను. చివరకు ఆ చోటికి వెనుక ఉన్న మట్టిగట్టులో, జింక వీపు కంటె ఎత్తుగా, తూటా దిగిన గుంట కనిపించింది. అది పూర్తిగా తప్పిపోయినందుకు ఆ రోజు నేను పొందిన ఊరటను మాటల్లో పెట్టలేను. అదే రైఫిల్ ఆ రోజు కిందికి జరిగి ఉంటే జింక గాయంతో ఎక్కడో పడి, నాకు దొరకకుండానే చచ్చిపోయేది. ఇంటికి వచ్చి కాగితం మీద కాల్చి చూస్తే, వంద మీటర్ల దగ్గర తూటా గురికి పైన, ఎడమగా, 110 మిల్లీమీటర్ల దూరంలో పడింది. ఆ కాలానికి వేట ఆపేశాను.

కారణం చివరకు ఒక రాత్రి బల్ల మీద దొరికింది. రైఫిల్‌ను పూర్తిగా విప్పి, భాగాలను దీపం కింద వరుసగా పెట్టి చూస్తుంటే, మ్యాగజీన్ పెట్టె పై అంచు మీద తళతళలాడే గీత కనిపించింది. ఈ రైఫిల్‌లో మ్యాగజీన్ అంటే పలుచని రేకుతో చేసిన పెట్టె. అది పైన రిసీవర్‌కు, కింద పలకను పట్టి ఉంచే చట్రానికి మధ్య వదులుగా కూర్చోవాలి. గీత పడిందంటే అది వదులుగా లేదన్నమాట. అనుమానం తీర్చుకోవడానికి స్టాక్‌లోని రెండు అల్యూమినియం స్తంభాల పైభాగానికి దీపపు మసి పట్టించి, రైఫిల్‌ను మామూలుగా బిగించి, మళ్లీ విప్పాను. వెనుక స్తంభం మీది మసి ఒక పక్కన మాత్రమే రిసీవర్‌కు అంటింది. ముందు స్తంభం మీది మసి చెక్కుచెదరలేదు, అంటే రిసీవర్ దాన్ని తాకనే లేదు.

కొత్త స్టాక్‌లో పెట్టె కూర్చునే లోతు పాత స్టాక్‌లో కంటె ఒక మిల్లీమీటరు కంటె తక్కువ తేడాతో చిన్నది. అందువల్ల స్క్రూలు బిగిస్తున్నప్పుడు పైన రిసీవర్, కింద చట్రం కలిసి ఆ రేకు పెట్టెను నొక్కుతున్నాయి గాని, స్టాక్‌ను నొక్కడం లేదు. రెంచి చూపిన బిగువు నిజమైనదే, అయితే ఆ బిగువంతా పెట్టెలోకి పోతోంది. నిలువెల్లా ఉక్కయిన రిసీవర్, పలుచని రేకు అంచు మీద పడవలాగా తేలుతూ ఉంది. మూడు తూటాలు కాల్చినంతసేపు ఒకచోట నిలిచి, ప్రయాణంలోనో, తుడిచేటప్పుడో, మళ్లీ బిగించేటప్పుడో మరొక తీరున కూర్చునేది. ఇందుకు ఒక సూచన మొదటి రోజునే నా చేతికి తగిలింది. స్తంభాల మీద సరిగ్గా కూర్చున్న స్క్రూ బిగుసుకునేటప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. నా స్క్రూ మాత్రం అర మలుపు పాటు మెత్తగా, స్ప్రింగును నొక్కినట్టుగా బిగుస్తూ వచ్చేది. ఆ మెత్తదనాన్ని నేను కొత్త స్టాక్ తీరేమోనని అనుకున్నాను.

మరమ్మతుకు పట్టింది ఒక చిన్న ఆకురాయి, రెండు సాయంత్రాలు. పెట్టె అంచును నాలుగు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా రాస్తూ, ప్రతి పది రాపిళ్లకు ఒకసారి బిగించి చూస్తూ పోయాను. సుమారు 0.7 మిల్లీమీటర్లు పోయాక, స్క్రూలు పూర్తిగా బిగించి ఉన్నా పెట్టె లోపల వేలికి తెలిసేటంత కదలిక వచ్చింది. అంచులోని గరుకును ఉప్పుకాగితంతో తీసి, డమ్మీ తూటాలతో నింపి, అవి సాఫీగా లోపలికి వెళుతున్నాయని యాభై సార్లు సరిచూసుకున్నాను. మసి పరీక్ష మళ్లీ చేస్తే ఈసారి రెండు స్తంభాల మీదా నల్లని వలయం నిండుగా పడింది.

అంతవరకు వచ్చాక రీకాయిల్ లగ్‌కు బెడ్డింగ్ కూడా చేశాను, అంటే అది సందు లేకుండా కూర్చునేటట్టు స్టాక్‌లో ఎపాక్సీ పోశాను. ఈ రైఫిల్‌లో లగ్ రిసీవర్‌కు, బ్యారెల్‌కు మధ్య బిగించిన విడి పలక; తుపాకీ తన్నేటప్పుడు ఆ తోపునంతా స్టాక్‌కు అందించేది దాని వెనుక ముఖమే. లగ్ ముందు భాగానికి, పక్కలకు, కింది అంచుకు టేపు అంటించి, వెనుక ముఖం మాత్రమే ఎపాక్సీకి తాకేటట్టు చేశాను. స్క్రూ రంధ్రాలను, గుంటలను మోడలింగ్ మట్టితో మూసి, ఉక్కు భాగాలన్నిటికీ అంటుకోకుండా చేసే మైనాన్ని రెండు పూతలు పూశాను. ఎపాక్సీ గట్టిపడ్డాక రిసీవర్ ఊడి రాదేమోనన్న భయంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక రోజు తరువాత బ్యారెల్ పట్టుకుని పైకి లాగితే చిన్న చప్పుడుతో వచ్చేసింది. ఎపాక్సీలో రిసీవర్ అచ్చు, దాని మీది సన్నని సాన గీతలతో సహా, దిగి ఉంది. ఆరేళ్లలో ఈ రైఫిల్ నాకిచ్చిన సంతోషాలలో ఆ అచ్చును చూసిన క్షణాన్ని నేను పైస్థానంలో పెడతాను.

ఆ తరువాత అయిదు కాలాలు గడిచాయి. చలిలో, వానలో, వాహనాల కుదుపుల్లో తిరిగినా, ప్రతి కాలం మొదట్లో కాల్చే తొలి తూటా వంద మీటర్ల దగ్గర గురికి 20 మిల్లీమీటర్లకు మించి జరగలేదు.

తేలికదనాన్ని గురించి మొదట్లో నేను అన్న మాటలను మాత్రం కొంత సవరించుకోవాలి. అదే తూటా, అదే మందు అయినప్పుడు, వెనక్కి తన్నే శక్తి రైఫిల్ బరువుకు విలోమ నిష్పత్తిలో పెరుగుతుంది. నా లెక్కలో అది 22 శాతం ఎక్కువ. వేటలో ఒక్క తూటా కాల్చినప్పుడు ఆ తేడా తెలియదు. బల్ల మీద ఆనించి ఇరవై తూటాలు కాల్చిన రోజున తెలుస్తుంది. ఇప్పుడు బల్ల దగ్గర పదికి మించి కాల్చడం లేదు. భుజానికి ఆనే స్టాక్ మడమకు మెత్తని రబ్బరు దిండు వేయడం వల్ల 60 గ్రాములు తిరిగి చేరాయి, వాటిని గురించి నాకు విచారం లేదు. ఎక్కి వచ్చి రొప్పుతూ నిలబడి గురి పెట్టినప్పుడు తేలిక రైఫిల్ బరువైన దానికంటె ఎక్కువగా ఊగుతుంది; ఆనుకోవడానికి ఏదీ దొరకనప్పుడు నేను వంద మీటర్లకు పైన కాల్చడం మానేశాను. సన్నని బ్యారెల్ మూడో తూటాకే చేయి పెట్టలేనంతగా కాకపోయినా బాగా వేడెక్కుతుంది, అయితే అది పాత స్టాక్‌తో కూడా ఉన్నదే.

బోలుగా ఉండే కార్బన్ గుల్లకు ఎండుకొమ్మ తగిలితే డొల్ల చప్పుడు వస్తుంది. పొదల్లో దగ్గరగా వేటాడేవారికి ఇది నిజంగా ఇబ్బంది. మడమ లోపల తేలికైన నురుగు నింపితే సగం తగ్గింది, సగం మిగిలింది. దీనికి విరుద్ధంగా ఒక మేలు నేను ఊహించకుండానే కలిగింది: బరువు ఎక్కువగా మడమ వైపునే తగ్గడం వల్ల రైఫిల్ తూగే చోటు రెండు సెంటీమీటర్లు ముందుకు జరిగింది, అందువల్ల మొత్తం తేలికైనా బ్యారెల్ కొన కాస్త నిలకడగా ఉంటోంది. మడమను ఇంకా తగ్గించి ఉంటే కొన మరీ బరువై, మోసేటప్పుడు ముందుకు వాలిపోయేదని నా అంచనా.

ఈ స్టాక్ కొనమని చెప్పడానికి నాకున్న అర్హత నా నడకకే పరిమితం. నేను రోజుకు చాలా దూరం నడుస్తాను, ఏడాదికి వేటలో కాల్చేది నాలుగైదు తూటాలే, మోకాళ్లు పాతవి. మంచె మీద కూర్చుని వేటాడేవారికి, లేదా వారం వారం బల్ల దగ్గర కాల్చి ఆనందించేవారికి పాత బరువే మంచిదనిపిస్తుంది. వారి స్థితిలో ఉంటే నేను స్కోప్ పట్టీలు మాత్రం మార్చుకుని ఆగిపోయేవాణ్ణి. ఆకురాయి పట్టడం అలవాటు లేనివారు ఆ పనికి నిపుణుడిని ఆశ్రయించేటట్టయితే, దానికయ్యే ఖర్చును కూడా స్టాక్ వెలలో కలుపుకుని లెక్క వేసుకోవాలి. తయారీదారుకు నేను పెట్టె కొలతలతో సహా వివరంగా రాశాను. స్క్రూలు సరిగ్గా బిగించమని జవాబు వచ్చింది.

ఈ ఏడాది వేట కాలానికి వారం ముందు, రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌కు స్టాక్ కొనకు మధ్య వేలు ఆనించి ముందరి స్క్రూను నెమ్మదిగా వదిలాను. వేలికి ఏ కదలికా తగలలేదు. స్క్రూను మళ్లీ బిగిస్తే ఒక్కసారిగా ఆగింది, రెంచి టిక్కుమంది. ఆ తరువాత కింది పలక తెరిచి పెట్టెను వేలితో తడితే, అది సన్నగా గలగలలాడింది.